ఎడమ చెవి మీది పెన్సిలు

వనపర్తి చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీలో ఆయన పెన్సిలు కుడిచెవి మీద ఉంది.

ముందు నాకు కోపం వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. మనిషి పోయాడని తెలియక కాదు. ముందురోజే పాడె వెంట నడిచి, స్నానం చేసి, ఇంటికి పోయినవాణ్ని. అప్పుడు రాని ఏడుపు ఆటోల హారన్ల మధ్య నిలబడితే వచ్చింది. పక్కన ఒక దీపం బొమ్మ, పైన పూలదండ, నడుమ ఆయన, కింద అశ్రునివాళి అని ఎర్రటి అక్షరాలు. వాటి కింద దాన్ని కట్టించినవాళ్ల ముఖాలు వరుసగా, పోయినాయన ముఖం కంటే ఎక్కువ వెలుగుతో. జనం చూసి పోతున్నారు. పెన్సిలు ఏ చెవి మీద ఉందో ఎవరికి పట్టింది?

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లు ఇంకో ఫ్లెక్సీ కడతారు. అయినా ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. ‘సీనరీలాయన’ అనేవారు.

బస్టాండులో నాది పేపర్లు, వారపత్రికలు అమ్మే కొట్టు. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది. మిగిలిందంతా అమ్ముడుపోక నా దగ్గరే ఉండిపోయిన పుస్తకాలు నేర్పింది. బస్టాండు గోడకు ఆనుకొని ఉన్న వరుసలో ఆయన దుకాణం, ఇళ్ల గోడలకు సీనరీ బొమ్మలు ఫ్రేము కట్టి ఇచ్చేది. మా ఇద్దరి మధ్య ఒక చాయ్ హోటలు అడ్డం. నాకంటే చిన్నవాడు, నన్ను పెద్దన్నా అనేవాడు. ఎడమచేతి వాటం మనిషి. పెన్సిలు ఎడమ చెవి మీద పెట్టుకొని, అది ఎక్కడుందో మరిచిపోయి, బల్ల కింద వెతికేవాడు. వెతికి వెతికి నా కొట్టు దాకా వచ్చేవాడు.

“పెద్దన్నా, నా పెన్సిలు గిట్ల నీ దిక్కు వచ్చిందా?”

“వచ్చింది తమ్మీ. నీ చెవి మీద కూసొని నీతోనే వచ్చింది.”

రోజూ ఇదే మాట. రోజూ నవ్వేవాడు. ఆ నవ్వు చూడడానికే నేను ఆ మాట మార్చలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత మా దిక్కు స్లాబు ఇండ్లు లేచాయి. ఇంటికి హాలు అనేదొకటి వచ్చింది. హాలు వచ్చిందంటే సోఫా, సోఫా వచ్చిందంటే దాని వెనుక ఖాళీ గోడ, ఆ గోడకు సీనరీ. అందరికీ నీళ్లే కావాలి. బోరు ఎండిన పెద్దమందడి రైతు కూడా గోడ మీదికి జలపాతమే అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. “ఆ మంచుకొండలు మీ అయ్య సూసిండా, మీ తాత సూసిండా? మన గుట్టలకేమయింది? మన పల్లిచేన్లకేమయింది?” అని కొట్టులో నుంచే అరిచేవాణ్ని. ఆయన నన్ను ఊరుకోమని సైగ చేసేవాడు.

“ఉండనీ పెద్దన్నా. చేన్ల లేని నీళ్లు గోడ మీదనన్న ఉండనీ.”

బొమ్మ ఎంచుకోవడానికి వచ్చినవాళ్లకు వెంటనే బొమ్మలు చూపించేవాడు కాదు. ముందు గోడ చూస్తానని వాళ్ల ఇంటికి పోయేవాడు. టేపు పట్టడం చివరి పని. మొదట హాలు నడుమ కింద కూర్చునేవాడు. “ఈ ఇంట్ల ఎక్కువసేపు కూసునేది ఎవరు?” అని అడిగేవాడు. ఒకింట్లో అది పక్షవాతం వచ్చిన తాత. ఇంకో ఇంట్లో బియ్యం ఏరుకునే కోడలు. వాళ్లు కూర్చునే చోట తాను కూర్చొని, వాళ్ల కళ్ల ఎత్తులో తల పెట్టి, గోడ వైపు చూసేవాడు. కిటికీ వెలుగు ఎటు పడుతుందో, తలుపు తీస్తే బొమ్మ దాగుతుందో లేదో చూసేవాడు. ఇంటి యజమాని సోఫాలో కూర్చొని ఉంటే, ఈయన ఆ ఇంటి కోడలి పీట మీద కూర్చొని గోడకేసి చూస్తూ చాయ్ తాగేవాడు. నాగర్‌కర్నూలులో ఒక డాక్టరు దీనికే కోపం తెచ్చుకొని పంపించేశాడట. “రోగులు కూసునే బల్ల మీద కూసున్న పెద్దన్నా. డాక్టరు కుర్చీల నన్ను కూసోమన్నడు. ఆయనకు బొమ్మ ఎందుకు, ఆయన ముందల మనుషులుంటరు గద” అన్నాడు తిరిగి వచ్చి.

కంప్యూటరులో రంగులు సరిచేసి, సీడీలో వేసి, హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపేవాడు. కాన్వాసు మీద అచ్చయిన బొమ్మలు చుట్టలుగా తిరిగి వచ్చేవి. వాటిని బల్ల మీద పరిచి, చెక్క చట్రానికి లాగి కొడుతూ బొమ్మతోనే మాట్లాడేవాడు. “పండుకో తల్లీ, పండుకో. ఆ కొస ఎందుకు లేస్తవు?” అచ్చులో వెలిసిన చోట సన్న కుంచెతో తానే దిద్దేవాడు. అంతా అయ్యాక గడ్డం గీసుకునే రేకు అంచు అద్దం తెచ్చి, బొమ్మకు వీపు తిప్పి నిలబడి, భుజం మీదుగా అద్దంలో బొమ్మను చూసేవాడు. నాకు మొదట్లో నవ్వు వచ్చేది.

“అద్దంల ఎందుకు సూస్తవు తమ్మీ, బొమ్మ సిగ్గుపడుతదా?”

“చేసిన కండ్లకు తప్పు కనవడదు పెద్దన్నా. తిప్పి సూస్తే కొత్తమనిషి సూసినట్లుంటది. అప్పుడు దొరుకుతది.”

మధ్యాహ్నం భార్య టిఫిను తెచ్చేది. గద్వాల ఆడపడుచు. కోపం వస్తే నడుమ ఒక కన్నడ మాట పడేది. ఆమె గుమ్మంలో నిలబడే ఆయనతో జగడం పెట్టుకునేది.

“ఊరందరి గోడలకు నీళ్లు పారిస్తవు. మన ఇంట్ల ఒక్క మొల గూడ కొట్టవు. వచ్చినోళ్లు నవ్వుతుండ్రు.”

“మన గోడకు నువ్వున్నవ్ గద.”

“నేనేమన్న క్యాలెండరా?” అని విసురుగా వెళ్లిపోయేది. నాలుగడుగులు వేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నా కొట్టులోకి కనిపించేది.

ఇప్పుడు ఒక అవ్వ సంగతి చెప్పాలి. అది చెప్పకుంటే ఆ పెన్సిలు సంగతి మీకు తెలియదు.

విత్తనాల దుకాణం నడిపే ఒకాయన మా ఊళ్లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఆయన తల్లిది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరు ప్రాజెక్టు నీళ్ల కింద పోయింది. నీళ్లు రాకముందు మా సీనరీలాయన కుర్రవాడు. అడిగి తెచ్చుకున్న కెమెరాతో మునగబోయే ఊళ్లన్నీ తిరిగి ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. ఎందుకు తీశావంటే చెప్పలేడు. ఈ అవ్వ ఊరు అందులో దొరికింది. చేన్ల వైపు గడ్డ మీద నిలబడి తీసింది. కుడిపక్క ఏరు, ఎడమపక్క ఇండ్లు, నడుమ దిగువకు దారి. నలుపు తెలుపు ఫోటో. అవ్వను దుకాణానికి పిలిపించి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్క రంగు అడిగి వేశాడు.

“మీ తలుపు రంగేంది అవ్వా?”

“నీలం బిడ్డా. నీలమంటే గింత మెరుపు నీలం గాదు. ఎండకు పోయిన నీలం.”

“గిట్లనా?”

“ఇంక జర పోవాలె. ఆఁ, గదే. గదే మా తలుపు.”

అవ్వకు బొమ్మ పూర్తిగా చూపించలేదు. కొడుకు వద్దన్నాడు. తల్లి తెలకపల్లిలో కూతురింటికి పోయి తిరిగి వచ్చేసరికి గోడ మీద ఊరుండాలని ఆయన ముచ్చట.

గోడ కొలవడానికి పోయిన రోజు వాస్తు చూసే ఆయన కూడా అక్కడే ఉన్నాడు. హాలులో తూర్పు గోడ. దాని ముందు నిలబడితే కుడిచెయ్యి వైపు ఆగ్నేయం. బొమ్మలో ఏరు కుడిపక్క. వాస్తాయన నాలుక కరుచుకున్నాడు.

“నిప్పుమూలల నీళ్లా? ఇల్లు నిలుస్తదా?”

“మరి ఎదుటి గోడకు పెట్టుకోన్రి” అన్నాడు మావాడు.

“గా గోడకు టీవీ ఉంది” అన్నాడు విత్తనాలాయన. “ఒక్క బటన్ ఒత్తితే బొమ్మ తిరుగుతదంట గద? ఏరును ఈశాన్యం దిక్కు తిప్పు.”

“అది ఊరన్నా. జలపాతం గాదు. తిప్పొద్దు.”

“మా అమ్మకు సూపే ఆనదు. ఆమెకేం తెలుస్తది?”

మావాడు పెన్సిలు తీసి బల్ల మీద టకటక కొట్టాడట. చివరికి తిప్పాడు. అద్దంలో కూడా చూసుకోలేదు ఆ బొమ్మను. ఇంత పొడవు ఫ్రేము ఒక్కడి చేతిలో ఆగదని నన్ను పిలిస్తే, రెండో కొస పట్టుకొని నేనే వెళ్లాను. మేకులు కొట్టి దిగాక గోడ మీద బొమ్మ చూసి అందరూ అబ్బా అన్నారు. ఆయన ఒక్కడే తల వంచుకొని సుత్తి సంచీలో పెట్టుకున్నాడు. తిప్పిన సంగతి నాకు దారిలో చెప్పాడు.

కొన్ని వారాలు పోయాయి. ఒక పొద్దున ఆ అవ్వ బస్టాండులో నా కొట్టు పక్క బల్ల మీద కూర్చొని ఉంది. చేతిలో నీళ్ల సీసా, ఒడిలో చిన్న మూట. కొడుకు కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు.

“నాయనా, కర్నూలు బస్సు ఎప్పుడొస్తది?”

“ఇప్పుడొస్తది అవ్వా. పెద్ద దవాఖానకా? ఎవరికి బాగలేదు?”

“నాకే. మతి పోయిందట. దవాఖానకు తోలుకపోతుండ్రు.”

“ఎవరన్నరు?”

“కోడలంటది. కొడుకు నోటితోని అంటలేడు గని తోలుకపోతుండు.” సీసా మూత తిప్పుతూ మెల్లగా చెప్పింది. “గోడకు మా ఊరు తెచ్చి పెట్టిండ్రు నాయనా. తలుపు మాదే. అరుగు మాదే. అన్ని మాయే గని ఊరు మాది గాదు. చేనికాడికెల్లి గడ్డ దిగుతుంటే కుడిచెయ్యి దిక్కు ఏరు ఉండాలె. గా బొమ్మల ఎడమ దిక్కుంది. కండ్లు మూసుకుంటే కుడి దిక్కు కనవడ్తది, తెరిస్తే ఎడమ దిక్కు. పొద్దంత గా బొమ్మ ముందల నిలవడి గటు మల్లుత, గిటు మల్లుత. కోడలు భయపడ్తది. నాకు గూడ భయమైతుంది. పుట్టి పెరిగిన ఊరికి దారి మరిస్తే పిచ్చి గాక ఏంది?”

కొట్టు వదిలి, చాయ్ హోటలు దాటి, ఆయన దగ్గరకు పరుగెత్తాను. ఈ వయసులో పరుగంటే ఎంత పరుగో అంత. విన్నాడు. చేతిలో రోలరు అట్లాగే కింద పెట్టాడు. గోడకు ఉన్న అద్దం పీక్కున్నాడు, సొరుగులోంచి అసలు ఫోటో తీసుకున్నాడు, వచ్చి అవ్వ ముందు నేల మీద కూర్చున్నాడు. చుట్టూ జనం.

“అవ్వా, నీ మతికేం గాలే. తిప్పింది నేను.”

“ఏం తిప్పినవు బిడ్డా?”

“మీ ఊరును.”

“ఊరును తిప్పుతరా ఎవరన్న?”

ఫోటో ఆమె ఒడిలో పెట్టాడు. అవ్వ దాన్ని కళ్లకు దగ్గరగా తీసుకుంది. వేలు గడ్డ మీద పెట్టి, దారి వెంట మెల్లగా కిందికి దించింది. కుడిపక్క ఏరు తగిలింది. వేలు అక్కడ ఆగింది.

“ఇగో” అంది. “ఇగో ఏరు. ఇగో మా ఇల్లు.”

అప్పుడాయన ఫోటో ఎదురుగా అద్దం పట్టాడు. “అద్దంల సూడు. మీ గోడ మీదుండేది ఇది.”

అవ్వ అద్దంలోకి చూసింది, ఒడిలోకి చూసింది, మళ్లీ అద్దంలోకి. ముఖంలో ఏదో సడలింది. ఆయన చెంప మీద ఒక్కటి ఇచ్చింది. గట్టిగా కాదు, కానీ పెన్సిలు చెవి మీది నుంచి జారి కింద పడింది.

“ఒకపాలి ప్రాజెక్టోళ్లు ముంచిరి. రెండోపాలి నువ్వు తిప్పితివి. ఇంకెన్నిపాలి పోవాలె బిడ్డా మా ఊరు?”

ఆయన తల ఎత్తలేదు. అవ్వ కొడుకు వైపు తిరిగింది.

“ఏం రా, నీకు తెల్సు గద?”

కొడుకు బస్సుల బోర్డు చదువుతున్నాడు.

అప్పుడే కర్నూలు బస్సు వచ్చింది, నిలిచింది, వెళ్లిపోయింది. వాళ్లు ఎక్కలేదు. నాకు ఈనాటికీ ఆ కొడుకు మీద కోపం చల్లారలేదు. ఆగ్నేయంలో కాగితం మీది నీళ్లు ఉండొద్దట. కన్నతల్లికి పిచ్చిదని పేరొస్తే మాత్రం పరవాలేదట! తెలిసీ నోరు విప్పకుండా ఆమెను బస్టాండు దాకా నడిపించుకొచ్చిన ఆ మనిషికి ఏ మూల బాగుంటే ఏం, ఏ మూల బాగలేకుంటే ఏం?

ఆ సాయంత్రమే మావాడు పోయి గోడ మీది బొమ్మ దించాడు. తిప్పని బొమ్మ మళ్లీ వేయించి, ముందు అవ్వ గదికి పోయి, ఆమె మంచం మీద తాను పడుకొని చూసి, ఆమె కళ్లకు ఎదురుగా కట్టి వచ్చాడు. ఆ తర్వాత అవ్వ ఎంతోకాలం బతకలేదు కానీ, బతికినన్నాళ్లూ దారి తప్పలేదు. తిప్పిన బొమ్మను ఆయన ముక్కలుగా కోసి వేరే ఫ్రేముల వెనుక అతికించాడు. మా ఊళ్లో ఏయే జలపాతాల వెనుక ఆ తప్పుడు ఊరు ముక్కలై దాక్కుందో ఎవరికీ తెలియదు. విత్తనాలాయన హాలులో ఇప్పుడు గుర్రాలు పరుగెత్తుతున్నాయి, వాస్తు చెప్పిన దిక్కుకే.

అప్పటి నుంచి ఆయనకు ఒక పట్టుదల వచ్చింది. ఎవరైనా బొమ్మ తిప్పమంటే ముందు అది ఎక్కడిదో అడిగేవాడు. “గుర్రాలైతే తిప్పుత. పరదేశం నీళ్లైతే తిప్పుత, వాటికి మన దిక్కులు తెల్వయి. ఊరును తిప్పను, మనిషిని తిప్పను.”

“మనిషికేమైతది?” అనేవారు.

“ఇంట్లోళ్లకైతది” అనేవాడు. అంతకుమించి వివరించేవాడు కాదు.

అప్పటికి ఊళ్లో ఫ్లెక్సీ దుకాణాలు వచ్చాయి. ఏది కావాలంటే అది, ఎటు కావాలంటే అటు, చాయ్ తాగేలోపు అచ్చు వేసి చేతిలో పెట్టేవి. గోడ చూసేందుకు ఎవరింటికీ పోనక్కర లేదు. జనం అటే పోయారు. ఆయన దుకాణం ముందు నిలబడే స్కూటర్లు తగ్గాయి. నేను తిట్టేవాణ్ని, ఆ దుకాణాలను, జనాన్ని, ఆయన్ని కూడా. ఆయన మాత్రం పెన్సిలు వెతుక్కుంటూ వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం భార్య తెచ్చిన అన్నం తిని, బల్లకు ఆనుకొని కూర్చున్నాడు. ఆమె టిఫిను గిన్నెలు కడిగి తెచ్చేసరికి లేడు.

దినాలు అయిపోయాక వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎప్పుడూ ఖాళీగా ఉండే ఆ గోడకు ఒక ఫోటో, ఫోటోకు దండ. ఫ్లెక్సీ కట్టినవాళ్లే అదే బొమ్మను ఫ్రేము కట్టించి ఇచ్చి వెళ్లారట. ఆమె వంటింటి గుమ్మం పక్కన కూర్చొని ఉంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది.

“మా ఇంట్ల మొదటి మొల ఆయనకే కొట్టినం పెద్దన్నా” అంది.

నేను ఫోటో వైపు చూశాను. ఆ ఫోటో నాకు తెలుసు. దుకాణంలో తీసింది. గుమ్మంలో ఆమె టిఫిను పట్టుకొని నిలబడితే, ఆమె వైపు తల తిప్పి నవ్వినప్పుడు తీసింది. గోడ మీద ఆయన అదే నవ్వు నవ్వుతున్నాడు, కానీ వంటింటి వైపు కాదు. వీధి తలుపు వైపు.

“ఫోటో మంచిగనే ఉంది” అందామె. “గని ఎందుకో కొత్తమనిషి లెక్క కొడ్తుండు. ఇక్కడ కూసుంటే నా దిక్కు సూస్తలేడు. లేసి ఆ దిక్కు పోయి గూడ సూసిన. కండ్లు ఆయనవే, నవ్వు ఆయనదే, మనిషి ఆయన గాదు. ఇన్నేండ్లు కలిసి ఉన్న మనిషి ముఖం గూడ నాకు గుర్తు లేకుంట పోయిందా పెద్దన్నా? ఎవ్వరితోని అనలే. నాకే ఏమన్న అయితుందేమో అని పరేషాన్ అయితున్న.”

బస్టాండు బల్ల మీద నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్న అవ్వ కనిపించింది. ఆ రోజు నేల మీద కూర్చొని ఆయన అన్న మాట, ఈ రోజు అనడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

“నీకేం గాలేదమ్మా” అన్నాను. “తిప్పిండ్రు.”

ఆమె నా వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆయన భార్య కదా, ఆ ఒక్క మాట చాలింది. దీపం బొమ్మ ఒక పక్కన ఉందని, మనిషి దాని వైపు చూస్తే బాగుంటుందని, ఎవడో బటన్ ఒత్తి ఉంటాడు. వాడికి తెలియదు, వాడిని అడిగిన వాళ్లూ లేరు.

“అసలు ఫోటో నాకియ్యి. రేపు సరిగ్గ వేయించి తెస్త” అన్నాను.

“తేన్రి” అంది.

లేచి లోపలికి పోయి రేకు అంచు అద్దం తెచ్చింది. ఆయన దుకాణం సామానుతో పాటు ఇంటికి వచ్చినట్టుంది. ఫోటోకు వీపు తిప్పి నిలబడి, ఆయన నిలబడినట్టే నిలబడి, అద్దాన్ని భుజం ఎత్తుకు పట్టుకుంది. కొంచెం ఇటు, కొంచెం అటు కదిలించింది. తర్వాత చెయ్యి కదలలేదు.

నేను కూర్చున్న చోటికి అద్దం కనిపిస్తూనే ఉంది. అందులో ఆమె ముఖం, ఆమె ముఖం పక్కన ఆయన ముఖం. పెన్సిలు ఎడమ చెవి మీద ఉంది.